అర సెకను ముందు

ఇప్పుడు మా నాన్న హత్యలు రాస్తున్నాడు. వారానికొకటి. సోమవారం ఎవరో ఒకరు చస్తారు, శుక్రవారానికల్లా చంపినవాడు దొరికిపోతాడు. సీరియల్ బాగా ఆడుతోంది, ఆయన కూడా బాగానే ఉన్నాడు. ఇంట్లో ఒక్కటే షరతు. కొత్త ఎపిసోడ్ చదివి వినిపించేటప్పుడు అమ్మ ఆయన ఎదురుగా కూర్చోకూడదు. పక్కగదిలో కూర్చుని వినాలి. ఇదేం షరతని అడిగినవాళ్ళకి నేను ఆ వానాకాలం సంగతి చెప్పాల్సి వస్తుంది. ఆ రెండు నెలల్లో నేను నోరు తెరిచి నిలబడిపోయినన్ని సార్లు అంతకుముందు ఇరవై నాలుగేళ్ళలో నిలబడలేదు.

అంతకుముందు ఎనిమిదేళ్ళు నాన్న హాస్యం రాశాడు. జనం దాన్ని మెట్ల సీరియల్ అనేవాళ్ళు. పై వాటాలో లిఫ్టులు బాగుచేసే మెకానిక్, కింది వాటాలో సంగీతం టీచరు. ఒకరంటే ఒకరికి ప్రాణం, చచ్చినా ఆ ముక్క ఒప్పుకోరు. వారానికి అయిదు రోజులు మెట్ల మీద ఎదురుపడి పోట్లాడుకుంటారు. కథ మొత్తం ఇంతే. రోజూ ఆ వేళకి వీధిలో ఏ ఇంటి ముందు నిలబడ్డా ఆ పోట్లాటే వినపడేది.

అందులో నవ్వులు మా అమ్మవి.

ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. నవ్వు యంత్రంలోంచి వస్తుందనుకుంటారు. మా దగ్గర మాత్రం ఎనిమిది మంది మనుషులు కూర్చుని నవ్వేవాళ్ళు. రిటైరయిన హెడ్మిస్ట్రెస్, బస్సు కండక్టరు, కుట్టుపని చేసుకునే అక్కచెల్లెళ్ళిద్దరు, ఇంకా ముగ్గురు. మొదలుపెట్టేది అమ్మ. ఆమె గొంతులో ఏదో పగిలినట్టు చిన్న చప్పుడయ్యేది, వెంటనే నవ్వు బయటికి దూకేది. అది వినగానే మిగతా ఏడుగురూ అందుకునేవాళ్ళు. ఎంత బిగపట్టుకున్నా ఆగలేకపోయేవాళ్ళు. రికార్డింగు చూసేది మా మావయ్య, అమ్మకి తమ్ముడు. అమ్మని ఆ కుర్చీలో కూర్చోబెట్టిందీ ఆయనే, పదో తరగతి అవగానే నన్ను తన పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పిందీ ఆయనే.

నవ్వుల గది చిన్నది. గోడలకి దళసరి గుడ్డ, కింద తివాచీ. గాజులు తీసెయ్యాలి, చెప్పులు బయటే విడవాలి, గంజి పెట్టిన చీర కట్టుకోకూడదు. కడుపులో గుడగుడ కూడా మైకులో పడుతుంది కాబట్టి అందరూ వేళకి తినే రావాలి. ఎదురుగా గోడకి టీవీ. దానికి సరిగ్గా పైన పెద్ద అద్దం కిటికీ. కిటికీకి ఇవతల మేం. వాళ్ళ గదిలో దీపం తగ్గించేవాళ్ళం, మా గదిలో వెలుగుతూనే ఉండేది, నాకు మీటలు కనపడాలి కదా. నాన్న నా వెనక నిలబడేవాడు. ఒక్క ఎపిసోడ్ కూడా మానలేదు. ఆయన ఊపిరి నా నడినెత్తిన తగులుతుంటే చిరాకేసేది.

రాసింది ఇంట్లో చెప్పకపోవడం నాన్న పట్టుదల. "ముందే చెబితే నవ్వు మగ్గిపోతుంది" అనేవాడు. అమ్మ ఆ మాటల్ని మొదటిసారి వినేది ఆ గదిలోనే. అయినా ఆమె నవ్వు ఎప్పుడూ అర సెకను ముందే వచ్చేసేది. అక్కడ మెకానిక్ ఇంకా నోరు తెరుస్తుండేవాడు, ఇక్కడ అమ్మ అప్పటికే నవ్వేసేది. ఎనిమిది మంది నవ్వునీ పట్టుకుని అర సెకను వెనక్కి జరపడం నా రోజువారీ పని. మొదట్లో మావయ్యని అడిగాను.

"పదిహేడేళ్ళ కాపురమే. మీ నాన్న ఏమంటాడో మా అక్కకి ముందే తెలిసిపోతుంది" అన్నాడు.

ఈ మాట నాన్న చెవిన పడింది. రెండు రోజులు నేల మీద నడవలేదు. "నా ఆలోచన నాకంటే ముందు అందుకునే మనిషి మీ అమ్మ" అని నాతో కనీసం పదిసార్లు అన్నాడు. ఆయన్ని అంత పొంగించిన మాట ఇంకొకటి లేదు.

ఆ వేసవిలో సీరియల్ ఆపేశారు. ఎనిమిదేళ్ళ పోట్లాట తెగేది సినిమాలో అన్నారు. నాన్నే రాశాడు, ఆయన రాసింది రాసినట్టు వాళ్ళు తీసుకుంటూ పోయారు. ఎండాకాలమంతా ముందు గదిలో తలుపేసుకుని రాశాడు, మధ్యాహ్నాలు లోపల్నుంచి రెండు గొంతులు వినిపించేవి, రెండూ ఆయనవే. సినిమా రచయిత అనిపించుకోవాలని ఆయనకి పెళ్ళి కాకముందునుంచీ ఉంది. అమ్మ గొంతు పాడవకుండా వేణ్ణీళ్ళు తాగుతూ పిలుపు కోసం చూస్తోంది. సినిమాల్లో నవ్వులు కలపరని మీకు తెలియదా అని అడగొచ్చు. తెలుసు. కానీ ఆ మెట్ల మీద అమ్మ నవ్వు లేకుండా ఒక్క మాట కూడా మేం వినలేదు. మా నలుగురిలో ఒక్కరికీ ఆ అనుమానమే రాలేదు.

మొదటి వాన పడ్డ రోజు సినిమా డైరెక్టరు మా ఇంటికొచ్చాడు. మబ్బు పట్టి ఇల్లంతా చీకటిగా ఉన్నా నల్ల కళ్ళజోడు తియ్యలేదు. అమ్మ టీ ఇచ్చింది. ఇచ్చి వెళ్ళకుండా అక్కడే నిలబడి అడిగింది.

"మా వాళ్ళందరికీ ఏ రోజు చెప్పమంటారండీ? కండక్టరు గారు సెలవు పెట్టుకోవాలి."

"దేనికండీ?"

"నవ్వడానికి."

ఆయన కళ్ళజోడు ముక్కు మీదికి జారింది. "నవ్వేది మీరా? మా అమ్మకి మీ నవ్వంటే ఎంతిష్టమో! కానీ సినిమాకి అలాంటివి పెట్టం కదమ్మా. హాల్లో వెయ్యి మంది ఉంటారు. వాళ్ళే నవ్వుతారు. ఎక్కడ నవ్వాలో మనం చెప్పక్కర్లేదు."

అమ్మ నాన్నకేసి చూసింది. నేనూ చూశాను. ఏదో ఒకటి అంటాడనుకున్నాను. ఆయన కప్పులోకి చూస్తూ, "అవున్లే. సినిమా వేరు కదా. ఇంక నువ్వు విశ్రాంతి తీసుకో" అన్నాడు.

నేను కొయ్యబారిపోయాను. ఎనిమిదేళ్ళు పనిచేసిన మనిషిని ఆయన ఒక్క గుక్క టీలో పంపించేశాడు. అమ్మ మర్నాడు స్టూడియోకొచ్చి, చలికి కప్పుకోడానికి తన కుర్చీ వెనక తగిలించుకున్న శాలువా తీసుకుని, అందరికీ చెప్పి వెళ్ళిపోయింది. హెడ్మిస్ట్రెస్ గారు మెట్ల దాకా వచ్చి దిగబెట్టారు.

నెల తర్వాత సినిమా వచ్చింది. మొదటి రోజు, మధ్యాహ్నం ఆట. బయట కుండపోత, అయినా హాలు నిండిపోయింది. జనం తడిసిన గొడుగుల్ని కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నారు. మధ్య వరసలో మావయ్య, నేను, అమ్మ, చివర నాన్న. ఆయన కొత్త చొక్కా వేసుకున్నాడు. దాని ధర చీటీ తియ్యడం మరిచిపోయాడని అమ్మ దారిలో పీకేసింది. దీపాలు ఆరాయి. తెర మీద నాన్న పేరు పడగానే మావయ్య ఈల వేశాడు.

తర్వాత చూస్తే మెట్లు లేవు.

నేను నిజంగా వెతికాను. మెట్లేవి? ఓడ ఉంది. మెకానిక్ ఓడలో ఇంజనీరయ్యాడు. సంగీతం టీచరు పెద్ద గాయని అయి ఆ ఓడెక్కింది. ఇద్దరూ బొమ్మల్లా ఉన్నారు. పోట్లాడుకుంటుంటే వెనక సముద్రం, సూర్యుడు, ఎగిరే పక్షులు. మాటలు మాత్రం నాన్నవే, అదే పోకడ. అతను ఒక మాట అన్నాడు. అని ఆగాడు.

హాల్లో చీమ చిటుక్కుమనలేదు.

ఆ ఆగడం నాకు తెలుసు. ఎనిమిదేళ్ళ అలవాటుకొద్దీ నాన్న ప్రతి జోకు తర్వాతా నవ్వుకి చోటొదిలి రాస్తాడు. ఆ ఖాళీలోకి అమ్మ నవ్వు వచ్చి పడేది. ఇప్పుడు ఖాళీ ఖాళీగానే ఉంది. తెర మీద అతను మొహం ఇంత చేసుకుని ఎదురుచూస్తున్నాడు, ఆమె కనురెప్పలు ఆడిస్తోంది, వెనక పక్షులు పోతున్నాయి, వెయ్యి మంది ఊరికే చూస్తున్నారు. రెండో జోకు. మూడోది. నాలుగోదానికి వెనకెవరో ఆవలించారు.

మావయ్య నా చెవిలో, "హాల్లో సౌండు తక్కువ పెట్టారమ్మా" అన్నాడు. పాపం, ఆయనకి తెలిసిన తప్పు అదొక్కటే.

అయిదో జోకు దగ్గర నాన్న అమ్మ వైపు వంగాడు. గుసగుసే, కానీ నాకు వినపడింది.

"నవ్వు."

అమ్మ కదల్లేదు.

"ఒక్కసారి నవ్వవే. నువ్వు మొదలెడితే అందరూ అందుకుంటారు."

అది నిజమని మా నలుగురికీ తెలుసు. ఆ నవ్వు ఒక్కటి బయటికొస్తే ఆ హాలు ఆగేది కాదు. అమ్మ నోరు తెరిచింది. తెర వెలుతురులో ఆమె గొంతు కదలడం చూశాను. ఏమీ రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. దగ్గొచ్చింది. కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది. నాన్న వెనక్కి వాలిపోయాడు. వాన చప్పుడు హాల్లోకి వినపడేంత నిశ్శబ్దంలో ఇంకా గంటన్నర సినిమా మిగిలి ఉంది.

విరామంలో మా వెనక వరసలో ఒకాయన పక్కనున్నావిడతో అంటున్నాడు. "సీరియల్లో ఒకావిడ నవ్వేది, గుర్తుందా? ఆ నవ్వు కోసమే చూసేవాణ్ణి నేను. అది లేకపోతే ఇందులో ఏముంది?"

నాన్న తిరిగి చూడలేదు. ఆట అయిపోయాక ఎవరితోనూ మాట్లాడకుండా వానలోకి నడిచాడు.

సినిమా తొమ్మిది రోజులాడింది. పదో రోజుకి మా వీధి చివర గోడ మీద వేరే సినిమా కాగితం అంటించారు. డైరెక్టరు ఫోనెత్తడం మానేశాడు. ఇదంతా మేం ఎలాగో మింగేవాళ్ళమే. నన్ను అదరగొట్టింది ఇంట్లో జరిగింది.

నాన్న అమ్మతో మాట్లాడటం మానేశాడు. ఏదైనా కావాలంటే నాతో చెప్పేవాడు, అమ్మ పక్కనే ఉన్నా సరే. "మీ అమ్మని తువ్వాలు ఎక్కడుందో అడుగు." తువ్వాలు అమ్మ చేతిలోనే ఉండేది. అమ్మ ఆ తువ్వాలు నాకిచ్చేది, నేను ఆయనకిచ్చేదాన్ని. పోట్లాడుకుంటే బాగుండును. నాకు తెలిసి మా ఇల్లు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు.

రెండో వారంలో ఒక పొద్దున నాన్న నన్ను పిలిచి తలుపేశాడు. రాసుకునే బల్ల మీద ఒక్క కాగితం లేదు.

"నీకో మాట చెప్పనా? మీ అమ్మ కసి తీర్చుకుంది."

"నాన్నా!"

"సినిమాలో నవ్వులు వద్దన్నానని. ఆ రోజు నేను మాట సాయం చెయ్యలేదని. హాల్లో కూర్చుని నన్ను చూస్తూ మునగనిచ్చింది. ఒక్క నవ్వు. ఒక్కటి నవ్వితే ఏం పోయేది?" ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. "జనం బాగాలేదన్నారు, పడతాను. తను నవ్వలేదు. అది నావల్ల కావట్లేదు. ఇంక ఎవరికోసం రాయనే నేను?"

నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. ఆయన పోగొట్టుకున్నది సినిమా అనుకుంటున్నాను నేను. ఆయన అమ్మనే పోగొట్టుకున్నానని కూర్చున్నాడు. అంతకంటే భయపెట్టిందేమిటంటే, నాకూ లోపల అదే అనుమానం ఉంది.

ఆ మధ్యాహ్నం అమ్మ ఆరని బట్టలు ఇంట్లో తాడు మీద తిరగేస్తుంటే వెళ్ళి అడిగేశాను.

"అమ్మా, నిజం చెప్పు. కావాలనే నవ్వలేదా?"

"నువ్వు కూడానా?" అంది. చొక్కా దులిపింది. "రాలేదే. ఎంత ప్రయత్నించినా రాలేదు."

"ఎనిమిదేళ్ళు వచ్చింది కదా?"

"అంత చీకట్లో నవ్వెలా వస్తుంది?"

నాకు ఒళ్ళు మండింది. చీకటికీ నవ్వుకీ ఏం సంబంధం? సరైన సాకు కూడా వెతుక్కోలేదు అనుకున్నాను. "సరే, నీ ఇష్టం" అని విసురుగా వచ్చేశాను. ఆ మాటకి ఇప్పటికీ సిగ్గుపడుతుంటాను.

నాలుగో వారంలో నాన్న స్టూడియోకొచ్చాడు. సీరియల్ ఆగిపోయాక అదే మొదటిసారి. మావయ్య వేరే పని మీద బయటికెళ్ళాడు, నేనొక్కదాన్నే ఉన్నాను. పైకప్పు రేకుల మీద వాన దంచుతోంది, ఆ హోరులో రికార్డింగు చెయ్యలేక మీటలు తుడుస్తున్నాను. ఆయన గొడుగు మూలన పెట్టి, ఎప్పటిలా నా వెనక నిలబడకుండా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"లిఫ్టు ఎపిసోడ్ ఉందా?"

ఉంది. మెకానిక్, టీచరు లిఫ్టులో ఇరుక్కుపోయే ఎపిసోడ్. మొత్తం సీరియల్లో అన్నిటికంటే ఎక్కువ నవ్వులు దానికే పడ్డాయి. నాన్నకి అదొక మెడల్.

"నవ్వులు తీసేసి వెయ్యి."

"ఎందుకు నాన్నా?"

"వెయ్యమంటున్నానుగా."

మీట కిందికి లాగాను. బొమ్మ మొదలైంది. మెకానిక్ ఒక మాట అన్నాడు, ఆగాడు. టీచరు ఒక మాట అంది, ఆగింది. నవ్వు లేకపోతే ఇద్దరూ ఏదో మరిచిపోయిన మనుషుల్లా ఉన్నారు. నాకు నవ్వొచ్చే మాట కోసం చెవులు రిక్కించి విన్నాను. అవే మాటలు, ఎనిమిదేళ్ళు నేను కడుపుబ్బ నవ్విన మాటలు. ఒక్కటీ, నిజంగా ఒక్కటీ నవ్వు తెప్పించలేదు. నాన్న మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చివరిదాకా చూశాడు. నేను ఆయన వైపు చూడలేకపోయాను.

"ఇప్పుడు మాటలు తీసేసి నవ్వు ఒక్కటీ వెయ్యి" అన్నాడు. "నువ్వు సర్దింది కాదు. ఆ గదిలో పడింది పడ్డట్టు."

అలా దాన్ని ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఆ గదిలో మైకు మొదటినుంచీ చివరిదాకా తెరిచే ఉంటుంది. నేను అందులోంచి నవ్వుల ముక్కలు మాత్రం కోసుకుని, జరుపుకుని, మిగతాది మూలన పడేసేదాన్ని. ఫైలు తీస్తుంటే దాని పక్కన నా రాతే కనపడింది. "మొదటి నాలుగు నిమిషాలు లోపలి స్పీకరు పనిచెయ్యలేదు. నవ్వులు బాగానే వచ్చాయి. మళ్ళీ తియ్యక్కర్లేదు." అవును, ఆ రోజు తీగ ఊడిపోయింది. కండక్టరు చెయ్యి ఊపితే వెళ్ళి పెట్టొచ్చాను.

అప్పుడు తట్టింది. నాలుగు నిమిషాలు వాళ్ళకి ఒక్క మాట కూడా వినపడలేదు. మరి నవ్వులెలా బాగానే వచ్చాయి? రెండేళ్ళ కిందట నా చేత్తో నేనే రాసుకున్న ముక్క, నాకు బుర్రకెక్కనే లేదు. "నాన్నా, ఇది వద్దు, వేరేది వేస్తాను" అన్నాను. ఆయన నా భుజం మీదనుంచి ఆ మూడు వాక్యాలూ చదివేశాడు.

"వెయ్యి."

వేశాను. తెర మీద మెకానిక్ పెదాలు కదులుతున్నాయి. స్పీకర్లో ముందు కుర్చీ కిర్రుమంది. ఎవరో ముక్కు ఎగబీల్చారు. తర్వాత అమ్మ నవ్వు, మెకానిక్ ఆగడానికి అర సెకను ముందు. మిగతావాళ్ళ నవ్వు వెనకే వచ్చింది కానీ నీరసంగా ఉంది. మళ్ళీ అమ్మ నవ్వు. అదీ ముందే. అప్పుడు హెడ్మిస్ట్రెస్ గారి గుసగుస.

"అమ్మాయ్, నీకు మాటలు వినపడుతున్నాయా?"

"లేదండీ." అమ్మ గొంతు.

"మరెందుకు నవ్వుతున్నావ్?"

అమ్మ నవ్వు ఆపుకోలేక రొప్పుతోంది. "టీవీ వదిలెయ్యండి. కొంచెం పైకి... ఆ అద్దంలోకి చూడండి. మా ఆయన్ని."

కుర్చీలు జరిగిన చప్పుడు. తర్వాత ఒక్కసారిగా ఎనిమిది మంది పగలబడ్డారు. ఆ ఎపిసోడ్‌లో అన్నిటికంటే పెద్ద నవ్వు, నాన్న మెడల్, అదే. అది తగ్గుతుండగా కండక్టరు గొంతు వినపడింది. "అయ్య బాబోయ్, రెండు వేషాలూ ఆయనే కడుతున్నాడు!"

నా చెయ్యి మీట మీద అలాగే ఉండిపోయింది. ఎనిమిదేళ్ళు ఆయన నా వెనకే నిలబడ్డాడు. ఆయన ఊపిరి తెలుసు, మొహం ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు నేను. ఆ గదిలో కూర్చున్న ఎనిమిది మందికీ తెలిసింది, పక్కనున్న నాకు తెలియలేదు.

"మళ్ళీ వెయ్యి" అన్నాడు నాన్న. మళ్ళీ వేశాను. "మా ఆయన్ని" అన్న దగ్గర ఆపమన్నాడు. ఆపాను. ఆగిన తెర ముందునుంచి లేచి వెళ్ళిపోయాడు. గొడుగు మూలనే ఉంది. దాన్ని తీసుకుని వెనక పరిగెత్తాను. ఆయన అందలేదు.

నేను ఇల్లు చేరేసరికి నాన్న వంటగది గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చొక్కా నుంచి నీళ్ళు కారుతున్నాయి. అమ్మ ఆరీ ఆరని బట్టల్ని బల్ల మీద ఇస్త్రీ చేస్తోంది. ఇరవై ఆరు రోజుల తర్వాత ఆయన ఆమెతో నేరుగా అన్న మొదటి మాట ఇది.

"నా మొహం అంత నవ్వొచ్చేలా ఉంటుందా?"

అమ్మ చెయ్యి ఆగిపోయింది. ఆయన్నీ, వెనక గొడుగుతో నిలబడ్డ నన్నూ చూసింది. ఇస్త్రీపెట్టె జాగ్రత్తగా నిలబెట్టింది.

"ఎవరన్నారు?"

"నువ్వే. రికార్డింగులో. స్పీకరు పాడైన రోజు."

ఆమె కుర్చీలో కూర్చుండిపోయింది. "అది కూడా పడుతుందా అందులో?" అంది మెల్లగా. తర్వాత, ఇంక దాచడం ఎందుకనుకుందేమో, చెప్పేసింది.

"మామూలప్పుడు ఉండదండీ. ఆ అద్దం అవతల నిలబడ్డప్పుడే. ఆ పిల్ల మాట వస్తే మెడ వంచేవారు, ఆ అబ్బాయి మాట వస్తే ఛాతీ పొంగించేవారు. జోకు రాబోతుంటే కనుబొమలు రెండూ పైకి లేచిపోయేవి. ఇదుగో వస్తోంది, వస్తోంది అని. అంత సంతోషంగా ఉన్న మనిషిని నేనెక్కడా చూడలేదు. ఇంట్లో కూడా మీరలా ఉండరు. దాన్ని చూస్తే నాకు ఆగేది కాదు."

"మరి హాల్లో?"

"హాల్లో చీకటి కదా. మీరు పక్కన కూర్చున్నారు. ఏమీ కనపడలేదు. వాళ్ళెవరో ఓడలో ఏదేదో అనుకుంటున్నారు." ఆమె ఆయన తడిసిన చొక్కా వైపు చూసింది. "నవ్వవే అని మీరు అడిగితే నా ప్రాణం పోయింది. ఒక్క నవ్వు తేలేకపోయానే అని ఇన్నాళ్ళూ ఏడుస్తున్నాను. కసి అనుకున్నారు మీరు."

చీకట్లో నవ్వెలా వస్తుందని ఆమె ఆ రోజే చెప్పింది. నేనే సాకు అన్నాను. గొడుగు కర్ర పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

"ఎనిమిదేళ్ళు చెప్పలేదేం?" అన్నాడు నాన్న.

"చెబితే మీరు మొహం సర్దేసుకుంటారుగా."

ఆయన ఏదో లెక్క తేలనట్టు నేలకేసి చూశాడు. నీళ్ళు ఆయన కాళ్ళ చుట్టూ మడుగు కట్టాయి.

"అయితే నా జోకులు?"

అమ్మ నాకేసి చూసింది. నేను సాయం రాలేదు.

"బాగానే ఉంటాయండీ."

"నవ్వొచ్చిందా, రాలేదా?"

"రాలేదు."

"ఎనిమిదేళ్ళలో ఒక్కటి కూడానా?"

అమ్మ నిజాయితీగా ఆలోచించింది. చాలాసేపు ఆలోచించాల్సి వచ్చింది. "లిఫ్టు తాళం పోయినప్పుడు ఆ అబ్బాయి ఒక మాటంటాడు చూడండి. అది మాత్రం నిజంగా బాగుంది."

"అది నాది కాదు" అన్నాడు నాన్న. "మీ తమ్ముడు చెబితే పెట్టాను."

ఇప్పుడు ఈయన ఏమంటాడు? మళ్ళీ వానలోకి వెళ్ళిపోతాడా? ఇంక ఈ జన్మకి మాట్లాడడా? నాన్న తలెత్తి అమ్మకేసి చూశాడు. ఆయనకి ఏదో తట్టింది. ఛాతీ కొంచెం పొంగింది. కనుబొమలు రెండూ మెల్లగా పైకి లేవడం మొదలుపెట్టాయి. నేను పుట్టి ఇరవై నాలుగేళ్ళయింది, ఆ మొహాన్ని ఎదురుగా నిలబడి చూడటం అదే మొదటిసారి. ఆయన మాట కోసం నోరు తెరిచాడు.

మాట ఇంకా బయటికి రాలేదు. అమ్మ నవ్వేసింది.